కారులో దాక్కున్న రోబో

మా అల్మరాలో ఉన్న సుబారు ఇంప్రెజాని చూసి అందరూ మామూలు బొమ్మ కారే అనుకుంటారు. డోర్లు తెరుచుకుంటాయి, బానెట్ ఎత్తితే ఇంజనుంటుంది. ఆ ఇంజనే రోబో చేతిలో తుపాకీ అవుతుందంటే నమ్మరు! 2003లో జపాన్‌లో టకారా వాళ్ళు 1:24 సైజులో, లోహపు భాగాలతో 'బైనల్‌టెక్' అని మొదలెట్టిన వరస ఇది. హాస్‌బ్రో వాళ్ళు అదే బొమ్మల్ని ప్లాస్టిక్‌లో 'ఆల్టర్నేటర్స్' అని అమ్మారు. నాది ప్లాస్టిక్‌దే, అదీ సెకండ్‌హ్యాండ్ (మన జీతాల సంగతి తెలిసిందేగా).

మొన్న మా అక్క కొడుకు "మావయ్యా, ఒక్కసారి రోబో చెయ్యవా" అన్నాడు. విరిగిపోతుందిరా అన్నాను. "మరి రోబో అని నీకెలా తెలుసు?"

నిజమే, కొన్న రోజు తప్ప నేనూ మళ్ళీ విప్పలేదు. భయంభయంగానే వాడి చేతికిచ్చా. డోరు దగ్గర 'టక్' మంది, నా ప్రాణం పోయింది. విరగలేదు లెండి. అరగంటకి రోబో నిలబడింది.

డాక్యుమెంటేషన్ ఎక్కడ పెట్టానో గుర్తులేదు. మళ్ళీ కారు చెయ్యడం మాత్రం ఇద్దరికీ రావట్లేదు.