దారికీ హక్కులున్నాయి

ఫజ్ర్ నమాజు ముగించుకొని మస్జిదు మెట్లు దిగేవారికి నంద్యాల పట్టణం సౌమ్యంగా కనిపిస్తుంది. తూర్పున నల్లమల కొండల అంచు క్రమంగా తేటపడుతుంది. పాలవాళ్లు, పత్రికలు వేసే పిల్లలు తప్ప వీధుల్లో సందడి ఉండదు. ఆ గంటసేపు ఇది నడకకు అనువైన ఊరు. పొద్దెక్కేకొద్దీ ఆ అనుకూలత తరిగిపోతుంది. ఆటోలు, మోటారు సైకిళ్లు, దుకాణాల ముందు పేర్చిన సరుకు, వీధిలోకి జరిగిన ఇళ్ల మెట్లు అన్నీ కలిసి పాదచారిని నడిరోడ్డు మీదికి నెడతాయి.

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమైంది. కార్యాలయాలు వచ్చాయి; వాటి వెంట ఇళ్ల స్థలాల బేరాలూ వచ్చాయి. స్థలాలు అమ్మేవారి కరపత్రాల్లో నేడు పార్కుతో పాటు వాకింగ్ ట్రాక్ కూడా ఒక ఆకర్షణ. ఇల్లు కొనే కుటుంబం దీన్ని అదనపు హంగుగా చూడాలా, నివాసానికి ఉండవలసిన హక్కుగా చూడాలా? ఇస్లాం బోధనల వెలుగులో చూస్తే జవాబు స్పష్టంగానే దొరుకుతుంది.

అడుగుల లెక్క

విశ్వాసి నడకను దివ్య ఖుర్ఆన్ చిన్న విషయంగా వదిలిపెట్టలేదు. కరుణామయుని దాసులు భూమిపై వినమ్రంగా నడుస్తారని ఫుర్ఖాన్ సూరా తెలుపుతుంది. నడకలో మధ్యేమార్గం పాటించమని హజ్రత్ లుఖ్మాన్ తన కుమారునికి హితవు చెప్పారు.

ఇంటి ఎంపికకు నేరుగా సంబంధించిన సంఘటన ఒకటి హదీసు గ్రంథాల్లో ఉంది. మదీనాలో బనూ సలిమా తెగవారి ఇళ్లు మస్జిదె నబవీకి దూరంగా ఉండేవి. మస్జిదు చుట్టుపక్కల స్థలాలు ఖాళీ కాగా, వారు అక్కడికి తరలిరావాలని తలచారు. దైవప్రవక్త (స) వారిని ఉన్నచోటనే ఉండమన్నారు; మస్జిదు వైపు వేసే వారి అడుగులు నమోదవుతున్నాయని తెలియజేశారు. మదీనా అంచులు జనం లేక బోసిపోవడం ఆయనకు ఇష్టం లేదని కూడా బుఖారీ ఉల్లేఖనం చెబుతుంది. ఊరి అంచున నివసించడం లోపం కాదని దీన్నిబట్టి అర్థమవుతుంది. అయితే ఆ అంచు నుంచి మస్జిదు దాకా నడవగలిగే దారి ఉండాలి.

హజ్‌కు, ఉమ్రాకు సిద్ధమయ్యే పెద్దలకు ఈ సంగతి మరీ బాగా తెలుసు. సఫా, మర్వాల నడుమ సయీ ఒక్కటే సుమారు మూడు కిలోమీటర్ల నడక. ప్రయాణానికి కొన్ని నెలల ముందు నుంచే రోజూ నడవమని అనుభవజ్ఞులు సలహా ఇస్తారు. ఆ నడకకు చోటెక్కడుంది?

నీటి గట్లు

నంద్యాలకు చోటు లేకపోలేదు. కుందూ నది, మద్దిలేరు వాగు, చామకాలువ, చిన్న చెరువు ఈ ఊరి నీటి ఆస్తులు. 1863-1870 మధ్య నిర్మించిన కర్నూలు-కడప కాలువ కూడా ఈ ప్రాంతం మీదుగానే సాగుతుంది. నీళ్లున్న చోట గట్టు ఉంటుంది. గట్టు ఉన్న చోట చల్లగాలి, చెట్లనీడలో నడిచే దారి ఏర్పడగలదు.

గట్టును దారిగా కాపాడుకోవడంలో ఆరోగ్యాన్ని మించిన మేలు ఇంకొకటి ఉంది. 2019 సెప్టెంబరులో కురిసిన భారీ వర్షాలకు నంద్యాల పరిసరాల్లోని వాగులు పొంగాయి. మహానంది నీట మునిగింది. వాగు తన దారిని మరచిపోదు. దాన్ని మూసి కట్టిన గోడలే మరచిపోతాయి. గట్టు వెంట నలుగురూ నడిచే బాట ఉంటే వాగును ఆక్రమించడం కష్టమవుతుంది. రోజూ నడిచే కళ్లే దానికి కాపలా. కాబట్టి వాగు పక్కన స్థలం చౌకగా వస్తున్నదంటే, ముందుగా ఆ గట్టు ఏమైందో అడగాలి.

ఆళ్లగడ్డ దారిలో

నంద్యాల నుంచి జాతీయ రహదారిపై దక్షిణంగా, సిరివెళ్ల మీదుగా వెళితే సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఆళ్లగడ్డ వస్తుంది. ఎడమవైపు నల్లమల వెంటే వస్తుంది. రెండు వైపులా నల్లరేగడి చేలు. ఆళ్లగడ్డ శిల్పుల ఊరిగా ప్రసిద్ధి చెందింది. విగ్రహాల విషయంలో మన విశ్వాసం వేరైనా, తరతరాలుగా రాతిని నమ్ముకొని బతికే ఆ చేతుల శ్రమ గౌరవించదగినది.

రాయి ఇంత సమృద్ధిగా ఉన్న సీమ ఇది. ఇదే జిల్లాలోని బేతంచెర్ల, బనగానపల్లె ప్రాంతాల నాపరాళ్లు ఎన్నో ఇళ్లకు నేలలయ్యాయి. కాలిబాటకు దూరపు సామగ్రి వెతకనవసరం లేదు. అయితే రేగడి స్వభావం తెలిసి పని చేయాలి. ఆ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు పగుళ్లిస్తుంది. అడుగున గరుసు పోసి దిమ్మిస కొట్టకుండా పరిచిన బండలు రెండు వానలకే ఎగుడుదిగుడవుతాయి. నున్నటి బండ తడిస్తే వృద్ధుల కాలు జారుతుంది. గరుకు బండ మేలు.

మిద్దె మీది నడక

మన వీధుల్లో ఎందరో తల్లులు, చెల్లెళ్లు నడకను మిద్దె మీదే ముగించుకుంటున్నారు. మధుమేహానికి నడక అవసరమని డాక్టరు చెప్పారు. వీధిలో నడవడానికి వీలు లేదు. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వేగంతో నడవడం వంటి శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. ఈ సూచన పురుషులకు మాత్రమే పరిమితం కాదు. దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేసుకున్నారని అబూ దావూద్ ఉల్లేఖనం ద్వారా తెలుస్తుంది. వెలుతురు, భద్రత, మర్యాద ఉన్న దారిని స్త్రీలకు సమకూర్చడం ఆ ఆదర్శానికి దగ్గరి పని. దారిలో కూర్చునేవారు చూపు వాల్చాలి, ఎవరికీ బాధ కలిగించకూడదు, సలాముకు బదులివ్వాలి, మంచిని బోధించి చెడును వారించాలి. ఇవి దారి హక్కులని ఆయన (స) నేర్పారు. ఈ హక్కులు నెరవేరిన వీధిలో స్త్రీ నిర్భయంగా నడుస్తుంది.

కొనే ముందు

స్థలం చూడడానికి కారులో వెళ్లినవారు కారులోనే తిరిగిరాకూడదు. అక్కడి నుంచి మస్జిదు దాకా, బడి దాకా ఒకసారి కాలినడకన వెళ్లాలి. మగ్రిబ్ వేళ ఇంటి ఆడవారితో, పెద్దవారితో కలిసి మరోసారి నడవాలి. వాన కురిసిన మరునాడు ఇంకోసారి చూడాలి. లేఅవుట్‌లో కనీసం పది శాతం భూమిని ఉమ్మడి ఖాళీ స్థలంగా వదలాలని మన రాష్ట్ర నిబంధనలు చెబుతున్నాయి. మంజూరైన నక్షాలో ఆ స్థలం ఎక్కడుందో, రోడ్లతో పాటు దాన్ని స్థానిక సంస్థకు దానపత్రం ద్వారా అప్పగించారో లేదో విచారించాలి. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం కింద నమోదు సంఖ్య అడగాలి. ప్రహరీ లోపల గుండ్రంగా తిరిగే ట్రాక్ మంచిదే; కానీ గేటు దాటగానే కాలిబాట లేకపోతే ఆ ఇల్లు ఊరితో కలిసినట్లు కాదు.

ఇక మన వంతు. దారి వెడల్పుపై తగాదా వస్తే ఏడు మూరలు వదలాలని దైవప్రవక్త (స) తీర్పు చెప్పారు. ఒక జానెడు నేలను అన్యాయంగా ఆక్రమించినా ప్రళయదినాన ఏడు భూముల మేర అది మెడకు చుట్టుకుంటుందని హెచ్చరించారు. వీధిలోకి మనం జరిపిన మెట్టు, నీడ కోసం దించిన రేకు, దారికి అడ్డంగా నిలిపిన బండి ఆ జానెడులోకి వస్తాయేమో ఆలోచించుకోవాలి. దారి నుంచి ముల్లు తొలగించడం కూడా విశ్వాసంలో భాగమే. మన మెట్టే ఆ ముల్లయితే, తొలగించవలసింది మనమే. ఒక వీధివారు కలిసి తమ మెట్లను రెండడుగులు వెనక్కి జరుపుకుంటే, ఆ వీధికి ఏ కరపత్రమూ ఇవ్వలేని కాలిబాట దక్కుతుంది. ఆ బాట మీద పొరుగింటి ముసలమ్మ వేసే ప్రతి అడుగూ మనకు సదఖా అవుతుందని ఆశిద్దాం. అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.