మైదాకు ఇచ్చిన రాగి వన్నె

మన ప్రబంధ కవులు స్త్రీల కురులను తుమ్మెదలతో, కారుమబ్బులతో పోల్చినారు. ఆ వర్ణనలను మెచ్చిన సంఘములో గోధుమ వన్నె జుట్టుతో పుట్టుట చిన్న పరీక్ష కాదు. డిచ్‌పల్లి పరిసరముల నుండి కళాశాలకు వచ్చు మాలో కొందరికి అట్టి జుట్టే కలదు. "నూనె ఎరుగని తల" అను మాట మేము తరచు విన్నదే.

ఈ మాటలకు నొచ్చుకొన్న మా మిత్రురాలొకరు పెళ్లిచూపులకు ముందు "నల్ల మెహందీ" అను పొట్లము తెప్పించి తలకు పట్టించినది. మరునాటికి నుదురు కమిలి, కనురెప్పలు వాచి, కన్ను తెరచుట కష్టమైనది. వైద్యుడు కారణము వివరించినాడు. మైదాకు తనంతట నలుపు నీయదు. అట్టి పొడులలో నలుపు కొరకు పారా ఫినిలిన్ డయామిన్ అను రసాయనమును కలుపుదురు. అది సరిపడని వారికి చర్మము వాచి పొక్కును. ఒకసారి పడని వారికి ఆపై కూడ పడదు.

అప్పుడు మాకొక ఆలోచన కలిగినది. ఉన్న వన్నెను దాచుట ఎందుకు? దానికే మెరుగు పెట్టరాదా?

పసుపునకు పేరుపొందిన ఆర్మూరు సీమ మాది కనుక ముందుగా పసుపే తలపునకు వచ్చినది. కాని పసుపులోని కుర్కుమిన్ ఎండకు వెలిసిపోవును. మైదాకులోని లాసోన్ అట్లు కాదు. అది వెండ్రుకలోని కెరాటిన్ అను మాంసకృత్తును పట్టుకొని చాలకాలము నిలుచును. ఆషాఢమున హిందువుల ఇండ్లలోను, రంజాను నెలవంక కనబడిన రాత్రి ముస్లిముల ఇండ్లలోను చేతులు పండించునది ఈ ఆకే. ఒకరు మైదాకు అందురు, ఒకరు మెహందీ అందురు; పండిన రంగు ఒక్కటే.

మేము పాటించిన పద్ధతి ఇది. భుజముల వరకు ఉన్న జుట్టునకు సుమారు 100 గ్రాముల ఆకు పొడి చాలును. ఏ రసాయనమును కలపని పొడిని గోరువెచ్చని నీటితోను, కొంచెము నిమ్మరసముతోను గట్టి పెరుగువలె కలిపి ఒక రాత్రి మూతపెట్టి ఉంచవలెను. ఇనుప మూకుడులో నానిన రంగు నలుపునకు తిరుగును గనుక, రాగి వన్నె కోరువారు గాజు పాత్రయో పింగాణి పాత్రయో వాడుట మేలు. ముందుగా చెవి వెనుక కొంచెము పూసి రెండు దినములు చూడవలెను. చర్మమునకు పడినచో తలకు పట్టించి, రెండు మూడు గంటల పిదప వట్టి నీటితో కడుగవలెను. మొదట నారింజ వలె తోచిన రంగు రెండు మూడు దినములలో ముదిరి రాగిగా మారును.

మైదాకు నలుపును తగ్గించదు. నల్లని జుట్టుపై అది ఎండలో మాత్రమే ఎర్రని మెరుపుగా తోచును. గోధుమ వన్నెపై రాగిగాను, నెరసిన వెండ్రుకపై నారింజగాను కనబడును. క్రింద ఉన్నదానిని బట్టియే పై రంగు. మా మిత్రురాలి జుట్టునకు, ఆమె పూర్తిగా కోలుకొన్న పిమ్మట, ఆ రాగి వన్నె చక్కగా అమరినది.

సోదరీమణులారా, పొట్లముపై వ్రాసినదెల్ల చదివి కొనుడు. గంటలో నలుపు నిచ్చెదనను మైదాకు వట్టి మైదాకు కాదు. కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపమొకటి: మన ఆవరణకు మైదాకు కంచె వేయింపుడు. కొద్ది నీటితో పెరుగు మొక్క అది. రెండు పండుగలకును ఆకు నిచ్చును.