కీచురాయి మాస్టారు

1950ల్లో డిస్నీవారు పిల్లల కళ్ళ గురించి తీసిన పాఠం సినిమా మొన్న చూశానండీ. జిమినీ క్రికెట్ అనే కీచురాయి టోపీ పెట్టుకుని, గొడుగు పుచ్చుకుని పాఠం చెబుతుంది. అసలు కీచురాళ్ళకు చెవులుండేది ముంగాళ్ళకి. కళ్ళా, జల్లెడల్లే ముక్కలు ముక్కలు! మాస్టారికి మాత్రం మనలాంటి కళ్ళే పెట్టారు. సరే, పోనివ్వండి.

నా బెంగల్లా వెనక బెంచీ పిల్ల గురించే. చూపు ఆనని ఆ పిల్లకి తెరమీద కీచురాయేమిటి, రంగుల మరక తప్ప ఏం కనబడుతుంది? అడిగితే "బాగానే కనబడుతోందమ్మా" అంటుంది. పాపం, లోకం అందరికీ అలా అలుక్కుపోయే ఉంటుందనుకుంటుంది! బోర్డుమీది లెక్క తప్పు రాసి మొద్దు అనిపించుకుంటుంది. 1862లో స్నెల్లెన్ అనే డచ్చి డాక్టరు తయారుచేసిన అక్షరాల అట్టని 20 అడుగుల దూరంనుంచి చదివిస్తే నిమిషాల్లో తేలిపోయే సంగతి.

"ఆడపిల్లకి కళ్ళజోడేమిటే, పెళ్ళెలా అవుతుంది?" అంటారు మా అత్తగారు. ఆవిడ సూదిలో దారం ఎక్కించేది నేనేనండోయ్!