ఈడ్పుగాలము

ట్రోలింగు అను మాట నేఁటి బాలురకు సెల్‌ఫోనులలో నొరులను గేలిచేయుట యను నర్థముననే తెలియును. దానికి మఱియొక యర్థము గలదు. పడవను మెల్లఁగా నడపుచు, వెనుక నీటిలో గాలపుదారము నీడ్చుకొనిపోయి చేపలను బట్టుటకు ఆంగ్లభాషలో నదియే పేరు. దానిని నేను ఈడ్పుగాలమని పిలిచెదను. ఈ రెండర్థములును నా మనస్సున నొక్కచోఁ గలిసిన విధమును జదువరులకు మనవి చేసెదను.

మా చెల్లెలును, ఆమె భర్తయు ఒహాయో రాష్ట్రమందలి క్లీవ్‌లాండు నగరమునఁ గాపురముందురు. ఒక వేసవి సెలవులలో నేనచటికిఁ బోయియుంటిని. ఆ నగరము ఈరీ సరస్సు నొడ్డున నున్నది. సరస్సన్నంతనే మన యూరి చెఱువును దలఁచుకొనరాదు. దాని వైశాల్య మించుమించు 25,700 చదరపు కిలోమీటరులు. ఆవలి యొడ్డు కంటికిఁ గానరాదు. సముద్రమునందువలె నలలు లేచును. అయినను నీరు మంచినీరే. ఉత్తర అమెరికా మహాసరస్సు లయిదింటిలో నిదియే మిక్కిలి లోఁతు తక్కువది. సగటున 19 మీటరులు మాత్రమే. అందుచేఁ ద్వరగా వేఁడెక్కును. ఆ వేఁడిమివలనఁ దక్కినవానికంటె దీనిలో మత్స్యసంపద యధికము.

పొరుగింటి వృద్ధుఁడొకఁడు, ఉక్కు కర్మాగారమునఁ జిరకాలము పనిచేసినవాఁడు, తన చిన్నపడవలోనికి నన్నాహ్వానించెను. నేను శాకాహారినని ముందుగనే చెప్పితిని. "అట్లైన గాలము నాకు, చుక్కాని మీకు" అని యాతఁడు నవ్వెను.

మేము వెదకఁబోయినది పసుపుపచ్చని పెర్చి యను చేప. బంగారువన్నె మేను, వీపునుండి ప్రక్కలకు దిగు ఆఱేడు నల్లని పట్టెలు, క్రింది ఱెక్కలకు నారింజవన్నె, వీపుమీఁది మొదటిఱెక్క నిండ ముండ్లు. సామాన్యముగా జేనెఁడు పొడవుండును. వసంతకాలమున ఆఁడుచేప తన గ్రుడ్లను విడివిడిగా జల్లక, వేలకొలఁది గ్రుడ్లను మడతలు మడతలైన యొక్క జిగురుపట్టీగా నీటిమొక్కలపైఁ బఱచును. ఈ చేపలు పగలు గుంపులుగాఁ దిరిగి మేయును. చీఁకటిపడఁగనే యడుగునఁ జేరి విశ్రమించును. నిన్న గుంపున్న చోట నేఁడుండదు. ఈరీలో ననేకులు లంగరువేసి నిలిచియే పెర్చులను బట్టుదురు గాని, గుంపెచట నున్నదో తెలియువఱకు వెదకుట తప్పదు. ఈడ్పుగాల మట్లు వెదకుటకే.

దారము కొనను జిన్న లోహపుఱేకు, దాని వెనుక గాలము, గాలమునకు వానపాము. పడవ సాగునపుడు ఱేకు గిరగిరఁ దిరిగి మెఱయును. చిన్నచేప యేదో పాఱిపోవుచున్నదని పెర్చి భ్రమించి వెంటాడును. వేగము మనుష్యుని నడకకంటెను దక్కువగా, గంటకొక మైలు చొప్పున నుండవలెను. ఎక్కువైన గాలము పైకిఁ దేలిపోవును. తక్కువైన ఱేకు తిరుగుట మానును. గాలపుకఱ్ఱ కొన సన్నఁగా వణఁకుచున్నంతసేపు ఱేకు చక్కఁగాఁ దిరుగుచున్నట్లు. వణఁకు నిలిచిన నాచు తగులుకొన్నట్లు. కొన యొక్కసారిగా వంగి కొట్టుకొనిన చేప పడినట్లు. ఇదియంతయు నా వృద్ధుఁడు, వ్యాకరణసూత్రమును జెప్పు నుపాధ్యాయునివలె, ఒక్కొక్క మాటకు నిలిచి నాకు బోధించెను. మొదటి చేప పడినంతనే యంత్రము నాపించి లంగరు దింపెను. ఒకటి దొరకినచోఁ బది యుండునఁట.

కొంతసేపటికి లెక్క చూచుకొని, ఇఁక చాలునని దారము చుట్టెను. చేపలు గాలము నింకను గొట్టుచునే యున్నవి. ఒక్క మనుష్యుఁ డొక్కదినమున నిన్నింటికంటెఁ బట్టరాదని యచట శాసనము గలదు. మమ్ముఁ జూచుట కధికారి లేఁడు. కనుచూపుమేర మఱొక పడవ లేదు. ఆ మాటయే యడిగితిని. "ఈ సరస్సు చచ్చుట నేను జూచితిని" అని మాత్ర మనెను.

ఆతఁడన్నది యతిశయోక్తి కాదు. 1960ల నాఁటికిఁ గర్మాగారముల మురికియు, పురముల మలినజలమును, సబ్బుపొడులలోని ఫాస్ఫరసును ఈరీలోఁ జేరి, నాచు దట్టమై, అది క్రుళ్లి, అడుగునీటఁ బ్రాణవాయువు కఱవయ్యెను. 1969 జూన్ 22వ తేదీని, క్లీవ్‌లాండు నడుమఁ బాఱి సరస్సునఁ బడు కయహోగానదిపైఁ దేలు నూనెయుఁ జెత్తయు నంటుకొని మండెను. ఒకప్పుడు జాలరుల పడవలు నింపిన నీలిపైక్ అను చేప 1950ల చివర నొక్కసారిగా క్షీణించి, 1983లో నశించిన జాతిగాఁ బ్రకటింపఁబడెను. పిమ్మటనే బుద్ధి కలిగెను. 1972లో అమెరికా కెనడాలు సరస్సుల నీటిని గూర్చి యొడంబడిక చేసికొన్నవి. ఈరీ చుట్టునున్న నాలుగు రాష్ట్రములును, కెనడాలోని అంటారియోయుఁ గలిసి, పెర్చులను మొత్తమెంత పట్టవచ్చునో యేఁటేఁట నిర్ణయించుకొనుచున్నవి. అయినను గథ ముగియలేదు. 2014 ఆగస్టులో పొలముల యెరువులవలనఁ బెరిగిన విషపు నాచు చేరి, టొలీడో నగరమునఁ గుళాయినీరు త్రాగరాదని చాటింపవలసివచ్చెను. పాశ్చాత్యులు పుట్టుకతోఁ బుణ్యాత్ములని నేను జెప్పుటలేదు. పోఁగొట్టుకొని నేర్చికొనిరి.

ఇఁక మన సంగతి. మా పాఠశాల కొల్లేటికి దాపున నున్నది. ఒక యేఁడు ప్రవేశపత్రమునఁ దండ్రి వృత్తి యను గడిలో నొక బాలుఁడు "కూలి" యని వ్రాసెను. వాని తండ్రి తాటిదోనెపైఁ బోయి మావులు వేయు జాలరి యని నే నెఱుఁగుదును. ఏల యిట్లు వ్రాసితివిరా యని యడుగఁగాఁ దలవంచుకొనెను. తోడిబాలురు వాని పుస్తకముల సంచిని మూర్కొని గేలిచేయుదురనియు, వాని బొమ్మకుఁ జేపతల నతికించి సెల్‌ఫోనులలోఁ బంచుకొనిరనియు పిమ్మటఁ దెలిసెను. ఇదియే రెండవ ట్రోలింగు. చేపల వాసనకు మన వాడుకలో నీచు అని పేరు. దానిని బట్టువానికిని అదే పేరు తగిలించుట మన సంఘము చిరకాలముగా నేర్చిన విద్య. బాలురు దానిని మనయొద్దనే నేర్చిరి.

శాస్త్రము నడ్డము పెట్టుకొనువారి కొక్క మాట. భారతమును రచించిన వ్యాసునితల్లి సత్యవతి దాశరాజు నింటఁ బెరిగి పడవ నడపినది. 12వ శతాబ్దిలోఁ గల్యాణమునేలిన చాళుక్యచక్రవర్తి మూఁడవ సోమేశ్వరుఁడు తన మానసోల్లాసమున మత్స్యవినోదమను నధ్యాయమునే చేర్చి, చేపల జాతులను, గాలములను, ఎరలను వివరించెను. రాజు చేసిన వినోదము, జాలరి చేసిన నీచమా?

ఒకదినము కొఱ్ఱమీనును గూర్చి తరగతికిఁ జెప్పుమని యా బాలునే నిలువఁబెట్టితిని. మొదట గొంతు పెగల లేదు. పిదప వాఁడు చెప్పినది విని తక్కినవారు నిశ్చేష్టులైరి. "ఎఱ్ఱని పిల్లల గుంపు నీటిపైఁ గనఁబడినచో, తల్లియుఁ దండ్రియు క్రిందఁ గాపుండును. అప్పుడు వానిని బట్టఁగూడదు, పిల్లలన్నియుఁ బోవును అని మా తాత చెప్పెడివాఁడండీ" అనెను. ఈరీలోని వృద్ధుఁడు దారము చుట్టిన దెందులకో, కొల్లేటిలోని తాత చేయి నిలిపిన దందులకే. అచటి వివేకము శాసనమై నిలిచినది. ఇచటి వివేకము తలవంచుకొని కూర్చున్నది.

ఆ కొల్లేటిని 1999లో నభయారణ్యముగాఁ బ్రకటించిరి. 2002లో రామ్‌సర్ జాబితాలోఁ జేర్చిరి. లోపలఁ గట్టిన చేపలచెఱువుల గట్లను 2006లోఁ గొట్టివేయించిరి. తగవు తీఱలేదు, నీటిలోనికి మురికి దిగుట మానలేదు. ఈ చర్చలలో దోనెపైఁ బెరిగినవాని మాట నెందఱు విందురు?

"చేపలను జంపుట హింస గాదా, దాని నుపాధ్యాయుఁడు పొగడవచ్చునా" యని కొందఱడుగుదురు. హింసయే. నేనది మానినవాఁడను, మానుమని యెవరికైనను సౌమ్యముగాఁ జెప్పుదును. కాని చేపను దినుచుఁ బట్టినవానిని రోయుట యహింస కాదు. చేపను ముట్టకయే, యింటి మురికినంతయుఁ గాలువలోనికి విడుచుటయు నహింస కాదు. కయహోగానదిని మండించినది గాలము కాదు.

కావున సోదరీసోదరులారా, వీథిలోఁ జేపలగంప నెత్తినఁ బెట్టుకొని వచ్చు నామెను నోరార "అమ్మా" యని పిలువుఁడు. ఆమె బిడ్డను మీ బిడ్డ ప్రక్కఁ గూర్చుండనిండు. ముక్కు మూసికొను బిడ్డను మందలింపుఁడు. ఆ ముక్కు మూయుట నేర్పిన పెద్దలమగు మనలను మనము ముందుగ మందలించుకొందము. తన తండ్రి వృత్తిని దలయెత్తి వ్రాయఁగల బాలుఁడే తన చెఱువును గాపాడుకొనఁగలఁడు.