ఆరు టైర్ల కాపురం

2023 సెప్టెంబరు 23, శనివారం. జయాన్

బండి కనపడగానే చుట్టూ ఒక రౌండు తిరిగాను. రిటైరై ఎనిమిదేళ్లయినా కాళ్లు ఆ పని మర్చిపోలేదు. ముందు రెండు టైర్లు, వెనక జంట టైర్లు, మొత్తం ఆరు. మూతి ఫోర్డ్ వ్యానుది, దాని వీపున ఒక ఇల్లు. దీన్ని ఇక్కడ ఆర్వీ అంటారు. పొడవు 28 అడుగులు. మా మార్కాపురం డిపో బస్సు కంటే కాస్త పొట్టి, అంతే. నడపడానికి మాత్రం మామూలు కారు లైసెన్సు చాలట! కంప్యూటర్ ముందు కూర్చునే మావాడికి ఒక వీడియో చూపించి తాళాలు చేతిలో పెట్టారు. రోజుకింత అద్దె, మైలుకింత, జనరేటర్ ఆడితే గంటకింత. బాడీ మీద గీతలు ఎక్కడెక్కడున్నాయో చూసి మనవరాలి చేత ఫోన్‌లో ఫొటోలు తీయించాను. తోక దగ్గర ఒక జానెడు గీత ఉంది.

"వెనక చక్రం దాటి బాడీ చాలా ఉందిరా. నువ్వు కుడికి తిప్పితే తోక ఎడమకి విసురుతుంది, చూసుకో."

"తెలుసు నాన్నా, వీడియోలో చెప్పారు."

ఇక్కడ డ్రైవరు కూర్చునేది ఎడమవైపు. నాకిచ్చింది కుడివైపు ముందు సీటు. అంటే ముప్పై ఒక్క ఏళ్లు నేను కూర్చున్న చోటే కూర్చున్నాను, ఎదురుగా స్టీరింగ్ ఒక్కటే లేదు. సెయింట్ జార్జ్ ఊరు వచ్చేసరికి, లేని బ్రేకు తొక్కీ తొక్కీ కుడి పిక్క పట్టేసింది.

లాస్‌వేగాస్ యార్డు గేటు దాటి మొదటి మలుపు తిరిగామో లేదో ఫ్రిజ్ తలుపు తెరుచుకుని గోంగూర పచ్చడి డబ్బా కింద పడింది. మూత ఊడింది. నూనె ముందు సన్నగా పాకింది, బండి బ్రేకు పడగానే జోరందుకుని నా చెప్పుల కిందికి వచ్చింది. ఎర్రటి నూనెలో ఒక వెల్లుల్లి రెబ్బ దొర్లుకుంటూ వచ్చి గేర్ పెట్టె దగ్గర ఆగింది. మా ఆవిడ నోట మాట లేదు. మార్కాపురం నుంచి హైదరాబాదు, అక్కడి నుంచి రెండు విమానాలు, కస్టమ్స్, అన్నీ దాటొచ్చిన పచ్చడి చివరికి ఒక ఫ్రిజ్ తలుపు దాటలేకపోయింది. మావాడు ఫోన్ చేస్తే, ఆ గొళ్లెం అలాగే ఉంటుంది, టేపు వేసుకోండి అన్నారట అద్దెకిచ్చినవాళ్లు.

సాయంత్రానికి జయాన్ పార్కులోని వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్ చేరాం. ఆరు నెలల ముందు బుకింగ్ తెరిచిన రోజే కోడలు పొద్దున్నే లేచి కూర్చుని పట్టిన చోటట ఇది. చుట్టూ ఎర్రటి కొండలు, పక్కనే వర్జిన్ నది. చోటు బాగుంది గానీ నేల వాలు. వాలులో నిలబెడితే ఫ్రిజ్ సరిగ్గా పనిచెయ్యదు, పడుకుంటే తల కిందికి, కాళ్లు పైకి. మావాడు ఫోన్ నేల మీద పెట్టి అందులో బుడగ చూస్తున్నాడు. నేను స్టీలు పళ్లెంలో నీళ్లు పోసి మధ్యలో పెట్టాను. నీళ్లు ఎటు ఒరిగితే ఆ పక్క చక్రం కింద ప్లాస్టిక్ దిమ్మె. మూడు దిమ్మెలకి నీళ్లు అంచుకి సమంగా నిలిచాయి. ఫోన్‌లో బుడగ కూడా మధ్యకి వచ్చిందన్నాడు. రాకేం చేస్తుంది?

సెప్టెంబరు 24, ఆదివారం

ఈ రోజు బండికి సెలవు. లోయలోకి సొంత వాహనాలు పోనివ్వరు, పార్కువాళ్ల షటిల్ బస్సే. డ్రైవరమ్మ వెనక సీట్లో కూర్చున్నాను. మైకులో కొండల గురించి చెప్తూనే మలుపులు తిప్పింది, ఒక్క కుదుపు లేదు. దిగేటప్పుడు దణ్ణం పెట్టాను.

బండిలో ఏసీ, మైక్రోవేవ్ ఒకేసారి పెట్టకూడదని నేర్చుకున్నాం. ముప్పై ఆంపియర్లకి మించితే ఫ్యూజు కొట్టేస్తుంది. ఇక్కడ కరెంటు ఒక్కటే ఇస్తారు. నీళ్లు మనమే నింపుకోవాలి, వాడిన నీళ్లు మన ట్యాంకులోనే మోసుకోవాలి. స్నానం అంటే ఒళ్లు తడుపుకుని పంపు కట్టెయ్యడం, సబ్బు రాసుకోవడం, మళ్లీ తిప్పడం. మా చిన్నప్పటి రెండు చెంబుల స్నానమే ఇది. దానికి డాలర్లు కడుతున్నాం.

మా ఆవిడ ఫిర్యాదు వేరు. "పొయ్యికీ దొడ్డికీ మధ్య రెండు మూరలు లేదండీ, దేవుడి పటం ఎక్కడ పెట్టుకోను?" చివరికి డ్రైవరు నెత్తి మీదున్న పడక మూలలో పెట్టింది. ఆ పడకని ఆవిడ అటక అంటుంది. మనవరాలు దాన్ని ఆక్రమించుకుంది. కిందికి రమ్మంటే రాదు, అన్నం కూడా పైకే అందించాలి. ఇంట్లో దానికి విడిగా ఒక గది ఉంది, గులాబీ రంగు వేయించి మరీ ఇచ్చారు. అందులో ఇంత సంబరంగా ఉండగా నేను చూడలేదు.

సెప్టెంబరు 25, సోమవారం. బ్రైస్

ఈ రోజు సంగతి కాస్త వివరంగా రాసుకోవాలి.

జయాన్ నుంచి తూర్పుకి పోవాలంటే కొండలో తొలిచిన సొరంగం దాటాలి. 1927లో మొదలుపెట్టి 1930లో పూర్తి చేశారు. పొడవు 1.1 మైళ్లు. అప్పటి చిన్న కార్లకి సరిపడా తవ్వారు. 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు గానీ, 7 అడుగుల 10 అంగుళాల వెడల్పు గానీ అంతకు మించి గానీ ఉన్న బండి ఏదైనా సరే 15 డాలర్లు కట్టి పర్మిట్ తీసుకోవాలని ఈ 2023లో రూలు. పైకప్పు కమాను ఆకారం కాబట్టి పక్కన పోతే బండి నెత్తి గోడకి రాసుకుంటుంది. అందుకని ఎదుటి బండ్లని అవతల ఆపేసి, మనల్ని రోడ్డు నడిమధ్యన పంపిస్తారు.

కింది నుంచి మెలికలు తిరిగే ఘాటు. దోర్నాల నుంచి శ్రీశైలం ఎన్ని వందల సార్లు ఎక్కానో లెక్కలేదు. అయినా స్టీరింగ్ మన చేతిలో లేనప్పుడు ఘాటు ఘాటులా ఉండదు. మావాడు మాట్లాడటం మానేశాడు. వెనక కోడలు పిల్లకి ఏదో కథ చెప్తోంది, గొంతు కాస్త పెద్దదైంది.

సొరంగం నోటి దగ్గర రేంజరు ఆపాడు. అవతలి బండ్లన్నీ వచ్చేదాకా ఆగి, చెయ్యి ఊపాడు. లోపల దీపాల్లేవు. మన హెడ్‌లైట్ల వెలుతురే. పసుపు గీత బండి కిందికి పోతోంది. రెండు పక్కలా అద్దాలకీ రాతికీ మధ్య ఎంతుందో నాకు తెలుసు, వాడికి తెలియదు.

"సరిపోద్దా నాన్నా?"

ఇంజనీరింగ్ సీటు ఏ కాలేజీలో తీసుకోవాలో, అమెరికా రావాలో వద్దో, ఇల్లు కొనాలో వద్దో వాడు నన్ను అడగలేదు. చెప్పాడు. అడిగినా నాకు తెలియదు కాబట్టి అందులో తప్పేం లేదు.

"సరిపోద్ది. అద్దాల వంక చూడొద్దు. గీతని బండి నడుము కింద పెట్టుకుని దూరంగా చూడు. గేదెల మందలోంచి పోతున్నట్టు పో."

వాడు గేదెల మందలోంచి ఎప్పుడూ బండి పోనివ్వలేదు. అయినా భుజాలు కిందికి దిగాయి. గోడకి అక్కడక్కడా కిటికీల్లా తొలిచారు, వాటిలోంచి ఎండ, ఎర్రటి లోయ ఒక్క క్షణం కనపడి పోతున్నాయి. బయటికి రాగానే పక్కన ఆపి నీళ్లు తాగాడు. నేను దిగి టైర్లు చూసొచ్చాను. చూడాల్సిందేం లేదు. ఊరికే.

రాత్రి. బ్రైస్‌లో ఎనిమిది వేల అడుగుల ఎత్తు. వణికించే చలి. కుక్కరు మూడు విజిళ్లు మామూలుగా వేస్తే కందిపప్పు పలుకు మీదే ఉంది, మళ్లీ మూడు వేయించింది మా ఆవిడ. తాలింపు వేయగానే పొగ అలారం అరిచింది. మావాడు టవల్‌తో విసిరాడు, కోడలు కిటికీలు తీసింది, చలి లోపలికొచ్చింది, కిటికీలు మూశారు, అలారం మళ్లీ అరిచింది. ఈ బండ్లు తయారుచేసేవాళ్లకి ఆవాలు, ఎండుమిర్చి సంగతి తెలియదు. గ్యాస్ హీటరు రాత్రంతా ఆగుతూ మొదలవుతూ, స్టార్టింగ్ ట్రబుల్ ఉన్న పాత లేలాండ్ ఇంజన్‌లా.

సెప్టెంబరు 26, మంగళవారం. పేజ్, అరిజోనా

పొద్దున సూర్యుడు లేస్తుండగా బ్రైస్ అంచు మీద నిలబడ్డాం. రాతి స్తంభాలు వేలకొద్దీ, లోపల దీపం పెట్టినట్టు నారింజ రంగులో. దాని గురించి ఇంకేం రాయను, రాదు కూడా.

యూటా దాటి అరిజోనాలోకి రాగానే గడియారం గంట వెనక్కి పోయింది. అరిజోనావాళ్లు వేసవిలో గంట ముందుకి జరపరట. ఫోన్‌లు సరిహద్దులో ఒకసారి ఈ టైము, ఒకసారి ఆ టైము చూపిస్తున్నాయి. కోడలు భోజనం పన్నెండుకి పెట్టింది, మళ్లీ పన్నెండయింది.

గ్లెన్ కాన్యన్ డ్యాం చూశాం. 710 అడుగుల ఎత్తు. పై నుంచి చూస్తే కళ్లు తిరుగుతాయి. దాని వెనక పవెల్ సరస్సు చుట్టూ కొండలకి తెల్లటి చార, నీళ్లు ఒకప్పుడు అక్కడిదాకా ఉండేవని. నాగార్జున సాగర్ ఎండిన ఏడాది అక్కడి రాళ్ల మీద అలాంటి చారే చూశాను.

క్యాంప్‌గ్రౌండ్‌లో బండి వెనక్కి పెట్టి నిలబెట్టాలి. సాయంత్రం అక్కడ ఇదే వినోదం. మడత కుర్చీల్లో కూర్చుని కొత్తగా వచ్చినవాళ్లు రివర్స్ చేయడం చూస్తుంటారు. మావాడు అద్దంలో చూస్తున్నాడు, కోడలు వెనక నిలబడి "ఎడమ, ఎడమ, కాదు నా ఎడమ" అంటోంది, మా ఆవిడ కిటికీలోంచి "చెట్టు, చెట్టు" అంటోంది. మూడోసారి కూడా వంకరే. కోడలు కళ్లలో నీళ్లు, మావాడి గొంతులో విసురు.

దిగి వెనక్కి వెళ్లాను. "అమ్మాయీ, నువ్వు పిల్లని పట్టుకో. ఒరేయ్, ఎవరి మాటా వినొద్దు. నా చెయ్యి వినపడుతుంది. ఒక్క దెబ్బ ఆగు, రెండు దెబ్బలు రానీ." అరచేత్తో బాడీ మీద చరిచాను, మా కండక్టర్లు చేసినట్టే. రెండు. రెండు. ఒకటి. స్టీరింగ్ కుడికి కొట్టు. రెండు. వచ్చి గళ్లలో కూర్చుంది. కుర్చీల్లోవాళ్లు చప్పట్లు కొట్టారు. మావాడు దిగి కోడలికి సారీ చెప్పాడు. నాకు వినపడనట్టు ఉన్నాను.

సెప్టెంబరు 27, బుధవారం. గ్రాండ్ కాన్యన్

140 మైళ్లు. ఎదురుగాలి, పక్క గాలి. ఎత్తయిన బండి తెరచాపలా పట్టేస్తుంది. మావాడు అలసిపోయాడు. ట్రైలర్ విలేజ్ క్యాంప్‌గ్రౌండ్‌లో దిగాం. ఎల్క్‌లు బండ్ల మధ్యనే తిరుగుతున్నాయి. నల్లమల కణితికి పెద్దన్నలా ఉంది మగది. దానికిది ఎద వేళ. తుప్పు పట్టిన గేటు తీసినట్టు మొదలై సన్నటి ఈలగా పోతుంది కూత. రాత్రి పది నుంచి చప్పుడు చేయకూడదని రూల్. ఎల్క్‌కి లేదు.

సెప్టెంబరు 28, గురువారం

పొద్దున దొడ్డి ట్యాంకు నిండినట్టు ఎర్ర లైటు వెలిగింది. గొట్టం పెట్టి వాల్వు లాగితే కాసిని నీళ్లొచ్చి ఆగిపోయింది. మావాడి మొహం పాలిపోయింది.

పక్క బండి పెద్దాయన వచ్చాడు. ఒకప్పటి లారీ డ్రైవరు. ఇల్లు అమ్మేసి ఏడాది పొడవునా బండిలోనే భార్యతో ఉంటున్నాడట. ఇక్కడ అలాంటివాళ్లు చాలామందే ఉన్నారు. చూడగానే అడిగాడు, మొన్న రెండు చోట్ల గొట్టం తగిలించి వాల్వు తెరిచే ఉంచారా అని. అవును. అదే తప్పు. నీళ్లన్నీ ముందు జారిపోయి, గట్టిది అడుగున గుట్ట కట్టుకుంటుంది. మూసి ఉంచి, నిండాక ఒక్కసారి వదలాలి. ఇప్పుడు నీళ్లు పోసి సాయంత్రందాకా నానబెట్టమన్నాడు.

నేను ఏదో ఒకటి మాట్లాడాలి కదా. "ఐ బస్ డ్రైవర్. థర్టీ వన్ ఇయర్స్," అన్నాను. ఆయన చేతి గ్లవుజు తీసేసి మరీ నాకు చెయ్యిచ్చాడు.

సాయంత్రం నేనూ మావాడూ గ్లవుజులు వేసుకుని కింద కూర్చున్నాం. వద్దు నాన్నా అన్నాడు, నేను వినలేదు. నీ చిన్నప్పుడు కడిగింది ఎవర్రా అన్నాను. గొట్టం మొదట్లో గాజులా కనపడే వంపు ఒకటుంటుంది. వాల్వు లాగాడు. కొంచెంసేపు ఏమీ లేదు. తర్వాత దబదబ. ఆ వంపులో చూడకూడనిదంతా చూస్తూ ఇద్దరం అలా నవ్వుకున్నాం, పొట్ట పట్టుకుని. ముందు ఇది, తర్వాత వంటింటి నీళ్ల ట్యాంకు. ఆ నీళ్లతో గొట్టం కడుక్కుంటుంది. మా ఆవిడ దూరంగా కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "స్నానం చేశాకే లోపలికి రండి ఇద్దరూ" అంది. స్నానం లోపలేనని గుర్తు చేశాను.

రాత్రి పౌర్ణమి. మంట వేసుకున్నాం. పార్కులో పుల్ల ఏరకూడదు, కట్టెలు కొనాల్సిందే. మొక్కజొన్న పొత్తులు కాల్చి ఉప్పూ కారం నిమ్మకాయ రాసి పక్క బండివాళ్లకీ ఇచ్చింది మా ఆవిడ. పెద్దాయన కళ్లలో నీళ్లు తిరిగాయి, కారానికి. ఇంకోటి అడిగాడు.

సెప్టెంబరు 29, శుక్రవారం. లాస్‌వేగాస్

280 మైళ్లు లాగించేశాడు. నేను రెండుసార్లే బ్రేకు తొక్కాను.

యార్డులో మనిషి చుట్టూ తిరిగి తోక దగ్గర గీత మీద వేలు పెట్టాడు. మనవరాలు ఫోన్ తీసి 23వ తేదీ ఫొటో చూపించింది. వేలు తీసేశాడు. ఫ్రిజ్ గొళ్లెం సంగతి మావాడు చెప్తే రాసుకున్నట్టు నటించాడు. నా చెప్పులు ఇంకా గోంగూర వాసనే.

లెక్క: మొత్తం 884 మైళ్లు, పెట్రోలు 104 గ్యాలన్లు. మన కొలతల్లో లీటరుకి 3.6 కిలోమీటర్లు. మా డిపోలో ఈ కేఎంపీఎల్ చూపిస్తే డిపో మేనేజరు మర్నాడు పొద్దున్నే పిలిపించేవాడు. మావాడికి చెప్పాను.

"గాలి నాన్నా, పైగా ఘాటు, ఏసీ లోడు," అన్నాడు.

డ్రైవర్లందరూ అదే చెప్తారు.