రెండు తాటిచెట్లు ఒకటయ్యేదాకా

పాత కెమెరా కొనాలన్న పురుగు తొలవడం మొదలైతే ఎవరైనా ముందు లెన్సు సంగతి అడుగుతారు. మా డెల్టాలో అడగాల్సింది వేరే ఉంది. ఇన్నేళ్లూ అది ఎక్కడ పడుకుంది?

నాకు కావలసింది లెన్సు ఊడదీసి మార్చే గొడవ లేని రేంజ్‌ఫైండరు కెమెరా. జపాను వాళ్లు 1960లు, 70లలో వాటిని విరివిగా చేశారు. వెతగ్గా వెతగ్గా రెండు తేలాయి. ఒకటి రేపల్లెలో పెద్దమ్మ ఇంట్లో ఉన్న యాషికా ఎలక్ట్రో 35. రెండోది బాపట్లలో, స్టూడియో మూసేసిన ఒక పెద్దాయన దగ్గరున్న కానొనెట్ క్యూఎల్ 17. తెనాలిలో రైలెక్కితే చాలు, రెంటికీ దారుంది.

ముందు రేపల్లె. ఊరికే ఇస్తానంటే ఎవరికి చేదు? వేమూరు, భట్టిప్రోలు దాటి, పట్టాలు అయిపోయిన చోట దిగాను. పెద్దమ్మ బీరువా తీసింది. పట్టుచీరల మడతల్లో, కలరా ఉండల వాసనతో, తోలు కేసులో కెమెరా. గీత కూడా లేదు.

"మీ పెదనాన్న పోయాక ఎవరినీ ముట్టుకోనివ్వలేదురా" అంది.

వరండాలోంచి చేను గట్టున తాటిచెట్టు మీద పెట్టి చూశాను. కెమెరా కిటికీ మధ్యలో పసుప్పచ్చని చిన్న గడి. అందులో ఇంకో తాటిచెట్టు, అసలుదానికి కాస్త పక్కన. లెన్సు చుట్టూ ఉన్న పట్టీ తిప్పుతుంటే ఆ రెండోది జరుగుతూ వచ్చి మొదటిదానిలో కలిసిపోయింది. ఫోకస్ కుదిరినట్టే. ప్రాణం లేచొచ్చింది.

ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. రూపాయి బిళ్లతో సెల్లు మూత తిప్పితే లోపలంతా పచ్చటి చిలుం. వెనక తలుపు తీస్తే, వెలుతురు చొరబడకుండా అంటించిన స్పాంజి తారులా కరిగి వేళ్లకి అంటుకుంది. ఇవి బాగుచేయించుకోవచ్చు. ఫోను టార్చి పక్కనుంచి వేస్తే లెన్సులో సాలెగూడు అల్లినట్టు బూజు! కాస్త బూజుంటే ఫోటో రాకపోదు గానీ, ఎదురెండలో తీస్తే పాలు ఒలికినట్టు తెల్లబారుతుంది. తోలు కేసు వానాకాలం చెమ్మంతా పీల్చి దాచుకుంటుంది. వాసెన కట్టిన జాడీలా పెద్దమ్మ దాన్ని భద్రం చేసింది. ఆవకాయనైతే ఉప్పూ నూనే కాపాడతాయి, గాజుకేముంది?

ఎలక్ట్రోతో ఇంకో చిక్కుంది. అపర్చరు మనం పెడితే షట్టరు వేగం అదే చూసుకుంటుంది. అయితే ఆ తెలివంతా సెల్లులోనే. సెల్లు లేకపోతే సెకనులో 500వ వంతు తప్ప దానికి ఇంకో వేగం రాదు. దానికోసం చేసిన 5.6 వోల్టుల పాదరసం సెల్లు ఇప్పుడు తయారవడం లేదు, వేరేదాన్ని ఇరికించుకోవాలి. కానొనెట్ అలా కాదు. సెల్లు చచ్చినా వెలుతురు కొలిచే మీటరే పోతుంది, వేగమూ అపర్చరూ చేత్తో పెట్టుకోవచ్చు. ఫెళ్లున ఎండ కాసే మన దగ్గర 100 స్పీడు రీలుకి 16 అపర్చరు, 125వ వంతు వేగం పెడితే మీటరు లేని లోటే తెలీదు.

బాపట్లలో పెద్దాయన చేతిలోని కానొనెట్ చూడటానికేం బాగోలేదు. మూలల్లో నల్లరంగు చెరిగి ఇత్తడి కనిపిస్తోంది. కరిగిపోయిన స్పాంజి గీకేసి జాకెట్టు గుడ్డల్లో మిగిలిన నల్ల వెల్వెట్ పీలికలు అంటించాడు. గాజు మాత్రం కడిగిన ముత్యంలా ఉంది.

"తోలు సంచిలో పెట్టను బాబూ. నెలకోసారి బయటికి తీసి, రీలు లేకుండానే ఓ నలభై సార్లు నొక్కుతా. లేకపోతే షట్టరు రెక్కలు అతుక్కుపోతాయి" అన్నాడు.

దూరం కలుస్తుందో లేదో చూద్దామని సూర్యలంక వెళ్లాం. సముద్రం అంచు మీద పెట్టి తిప్పాను, తిప్పుతూనే ఉన్నాను. ఎటు తిప్పినా గీత గీతలాగే ఉంది. కలిసిందో లేదో ఎలా తెలిసేది?

"ఏంటి బాబాయ్, ఇది కదలట్లేదే?"

ఆయన నవ్వి కెమెరాని నిలువుగా తిప్పి నా చేతిలో పెట్టాడు. గడిలో బొమ్మ పక్కకే జరుగుతుంది. అడ్డగీత ఎంత పక్కకి జరిగినా అదే అడ్డగీత. దానికి తాటిచెట్టులాంటిది కావాలి, లేదంటే మనమే కెమెరాని తిప్పాలి. ఈసారి గీత రెండుగా విడిపోయి కనిపించింది. పట్టీ చివరిదాకా తిప్పితే ఒకటైంది. బేరం ఆడదామనుకుని వచ్చినవాణ్ణి, అడిగినంతా ఇచ్చేశాను.

తర్వాతి ఆదివారం మళ్లీ రేపల్లె. కొత్తగా చేరిన ఈ పాత కెమెరాని పెద్దమ్మ అటూ ఇటూ తిప్పి చూసింది.

"మాది నున్నగా ఉంటే వద్దన్నావు, ఈ గీతల డొక్కు తెచ్చుకున్నావా!"

తోలు కేసు విప్పేసి ఎలక్ట్రోని వరండా గూట్లో గాలి తగిలేలా పెట్టాను. ఆవిడని వీధి గుమ్మం పక్కన నిలబడమన్నాను. కొంగు సర్దుకుంది. ముఖం మీద రెండు బొమ్మలూ ఓ పట్టాన కలవలేదు, ముడతలన్నీ అడ్డంగానే ఉన్నాయి మరి. ఆవిడ భుజం పక్కనున్న ద్వారబంధం అంచు పట్టుకున్నాను. రెండు ద్వారబంధాలు మెల్లగా దగ్గరకొచ్చాయి.

"ఇంకా ఎంతసేపురా?"

"అయిపోయింది పెద్దమ్మా."