గుంట తవ్వక ముందు

మా సోలాపూర్ పూర్వ భాగంలో మొరం తెలియని ఇల్లు లేదు. పునాది నింపాలంటే మొరం, వానకు గల్లీ బురదైతే మొరం. మరాఠీలో మురూమ్ అంటారు, మేము కన్నడ బడిలో గరసు అని నేర్చుకున్నాం. నల్లరాయి వేల ఏండ్లు ఎండకూ వానకూ చివికి గులకలైతే అదే మొరం.

మా తాత చద్దర్లు నేసి కూడబెట్టిన పైసలతో అక్కల్‌కోట్ రోడ్డు దిక్కు ఒక ఎకరం చెలక కొన్నాడు. అడుగు లోతు మన్ను, దాని కింద అంతా మొరమే. జొన్న ఒక ఏడు పండితే రెండేండ్లు ఎండేది. ఇప్పుడు మా సాంచాలు నాలుగింట్లో రెండు తుక్కు కింద పోయినయ్, అప్పు మాత్రం అట్లనే ఉంది. అందుకే చిన్నబాపు, "చెలక అమ్ముడెందుకు, మొరం తీసి అమ్ముదాం" అన్నాడు.

అందరం సరే అన్నాం. బాపమ్మ ఒక్కతే అడిగింది: "తవ్వినంక ఆ గుంటను ఏం జేస్తరు? పడుగు లెక్క జూడకుండ మగ్గం ఎక్కుతరా?"

జవాబు ఎవరి దగ్గరా లేదు. అందుకని పిల్లలం కాగితం తీసుకుని కూర్చున్నాం. తప్పు ఎక్కడ జరుగుతుందో ముందే వెతకడం ఆఫీసులో మా రోజువారీ పనే.

ముందు చట్టం చూశాం. మొరం గౌణ ఖనిజం, అనుమతి జిల్లా కలెక్టరు కచేరి నుంచి రావాలె. ఐదు హెక్టార్ల లోపు తవ్వకాలనూ పర్యావరణ అనుమతి లేకుండా వదలొద్దని 2012లో సుప్రీంకోర్టు దీపక్ కుమార్ కేసులో చెప్పింది. అంటే మాది చిన్న గుంటే కదా అనడానికి లేదు. గనుల చట్టంలో మాత్రం మొరం తవ్వకానికి చాలా నిబంధనల నుంచి మినహాయింపు ఉంది. లోతు 6 మీటర్లు దాటొద్దు, ఒక రోజు 50 మందికి మించి పని చేయొద్దు, మందుగుండు వాడొద్దు.

తర్వాత కొలతలు. పక్క చేన్ల గట్లు కూలకుండా చుట్టూ ఏడున్నర మీటర్లు వదిలితే, తవ్వడానికి మిగిలేది 40 మీటర్ల వెడల్పు, 50 మీటర్ల పొడవు. పై మన్ను తీసి గట్టు పొంటి కుప్ప వేయాలె, అది అమ్మేది కాదు. దాని కింద 3 మీటర్లు తవ్వితే 6,000 ఘనపు మీటర్లు, అంటే దాదాపు 2,120 బ్రాసులు.

గోడలు నిట్టనిలువుగా ఉంటేనే ఈ లెక్క. 1961 గనుల నిబంధనల్లో మొరానికి మెట్టు ఎత్తు మీటరున్నర దాటొద్దు, వెడల్పు ఎత్తుకు తగ్గొద్దు అని ఉంది. మాకు మినహాయింపు ఉన్నా ఆ కొలతే పట్టుకున్నాం. మెట్లకు 140 బ్రాసులు పోయినయ్. ట్రాక్టరు దిగే దారి పదికి ఒకటి వాలులో, 30 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు. దానికింకో 60 పైచిలుకు పోయినయ్.

"రెండు వందల బ్రాసులు మట్టిల కలుపుతరా? అప్పోడు ఊకుంటడా?" అని చిన్నబాపు లేచిండు.

మేము బాపమ్మ దిక్కు చూశాం. ఊరి చుట్టూ తవ్వి వదిలేసిన గుంటలు ఆమె చూసినవే. వానకాలం నిండుతయ్, నీళ్ల కింద లోతు కానరాదు, గోడ నిలువుగా ఉంటే దిగిన గొడ్డు ఎక్కి రాలేదు, పిల్లగాడూ రాలేడు. "ఆ దారి పని అయినంక గూడ ఉండాలె," అన్నది.

దాంతో ప్రణాళిక చివరి నుంచి మొదలైంది. మిరుగుకు ముందే పని ఆపాలె. దారి తీసేయొద్దు. ప్రతి బ్రాసు మీద కొంత పక్కకు పెట్టి, ఆఖరుకు మన్ను తిరిగి మెట్ల మీద పరిచి వేప, కానుగ పెట్టాలె. మొరంలో నీళ్లు ఇంకిపోతయ్, కాబట్టి చెరువవుతుందని ఎవరికీ చెప్పొద్దు.

సాతబారా మీద ఆరుగురి పేర్లున్నాయి. ఐదుగురు సరే అన్నారు. చిన్నబాపు కాగితం మడిచి జేబులో పెట్టుకుని పోయిండు, సంతకం ఇంకా చేయలేదు. అప్పు ఆయన పేరు మీదే ఉంది, ఆయన్ని తప్పు పట్టలేం. ఆరో సంతకం లేకుండా మాత్రం కచేరికి పోవద్దనుకున్నాం.

మీ ఇండ్లల్లో ఎవరైనా చెలక అమ్మకుండా ఇట్ల తవ్వుకుని ఉంటే, పని అయినంక ఆ గుంటను ఏం చేశారో మాకు చెప్పండి.